గోడ మీద తోక పైకెత్తి కూర్చున్న దోమ

బంతిపూల మీద పసుపు నలుపు చారలున్న పురుగు వాలితే మనం చేసే మొదటి పని, చెయ్యి వెనక్కి లాక్కోవడం. కందిరీగో తేనెటీగో అనుకుంటాం. కానీ చాలాసార్లు అది రెండూ కాదు. అది ఒక ఈగ. ఇంగ్లీషులో హోవర్‌ఫ్లై అంటారు. అది కుట్టదు, కుట్టడానికి దానికి ముల్లే లేదు. కందిరీగ వేషం వేసుకుని బతికేస్తుంది. పక్షులు కూడా మనలాగే మోసపోయి దాని జోలికి రావు. ఇలా ప్రమాదం లేని ప్రాణి ప్రమాదకరమైన ప్రాణి వేషం వేసుకోవడం గురించి హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆయన అమెజాన్ అడవుల్లో సీతాకోకచిలుకల్ని చూసి 1862లోనే వివరించాడు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? రంగు చూడొద్దు, రెక్కలు చూడండి. తేనెటీగకి, కందిరీగకి రెండు జతల రెక్కలుంటాయి. ఈగకి ఒక్క జతే. రెండో జత ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు చిన్న బుడిపెలుంటాయి. ఎగిరేటప్పుడు బ్యాలెన్స్ కోసం అవి. తర్వాత కళ్ళు చూడండి. ఈ ఈగ తలంతా కళ్ళే. మీసాలు పొట్టిగా, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. కందిరీగకుండే సన్నటి నడుము దీనికి ఉండదు. తేనెటీగలాగా వెనక కాళ్ళకి పుప్పొడి ముద్దలు కట్టుకోదు. అన్నిటికన్నా ఈజీ గుర్తు ఎగరడం. గాల్లో ఒకేచోట మేకు కొట్టినట్టు ఆగిపోతుంది, కన్ను మూసి తెరిచేలోపు పక్కకి జరిగి మళ్ళీ ఆగుతుంది.

ఇంకో సంగతి. ఒక జత రెక్కలే ఉన్న ఈ పురుగుల వర్గంలోనే దోమ కూడా ఉంది. అంటే ఆ చారల ఈగకి తేనెటీగ కన్నా దోమే దగ్గరి చుట్టం! చూడ్డానికి ఒకేలా ఉన్నవి వేరు కావచ్చు, వేరుగా ఉన్నవి చుట్టాలు కావచ్చు.

ఇదేదో స్కూల్ బయాలజీ పాఠంలా అనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ఒక పురుగుని ఇంకో పురుగు నుంచి విడదీసి చూడ్డం రాక ఒక మనిషి రెండేళ్ళు చీకట్లో తిరిగాడు. విడదీసి చూసిన వారంలోపే ప్రపంచంలోని అతి పెద్ద జబ్బుల్లో ఒకదాని గుట్టు బయటపడింది. ఇది జరిగింది ఎక్కడో కాదు, మన బేగంపేటలో. ఆయన పేరు రొనాల్డ్ రాస్. జీకే బిట్లలో మలేరియా, దోమ, నోబెల్ అని మూడు ముక్కల్లో అందరం చదివిన పేరే. ఆ మూడు ముక్కల మధ్య ఉన్న కథ ఇది.

నాన్న చెప్పిన కోర్సు

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. అది హిమాలయాల దగ్గరి ఊరు, ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉంది. తండ్రి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో పెద్ద ఆఫీసరు. పది మంది పిల్లల్లో ఇతనే పెద్దవాడు. ఎనిమిదేళ్ళ వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపించేశారు.

అక్కడ అతనికి నచ్చినవి కవిత్వం, బొమ్మలు వెయ్యడం, సంగీతం, లెక్కలు. అవ్వాలనుకున్నది ఆర్టిస్టు. నాన్న మాత్రం మెడిసిన్ అన్నాడు. ఇక్కడ మనలో సగం మందికి తమ ఇంటి డైనింగ్ టేబుల్ గుర్తొచ్చి ఉంటుంది. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూస్ హాస్పిటల్ కాలేజీలో చేరాడు. చేరాడే గానీ మనసు అక్కడ లేదు. టైమంతా పాటలకి, నాటకాలకి పోయింది. ఒక పరీక్ష తప్పాడు కూడా. కొన్నాళ్ళు ఓడలో డాక్టరుగా పనిచేసి, చివరికి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వైపు వచ్చాడు.

ఉద్యోగంలో పని తక్కువ, టైం ఎక్కువ. నవలలు రాశాడు, పద్యాలు రాశాడు, సొంతంగా లెక్కల పుస్తకాలు ముందేసుకున్నాడు. దోమలతో మొదటి పరిచయం 1883 ప్రాంతంలో బెంగళూరులో. అతనికిచ్చిన బంగళాలో దోమలు విపరీతం. కిటికీ బయట నీళ్ళ తొట్టిలో చూస్తే పిల్ల పురుగులు గిలగిలా ఈదుతున్నాయి. తొట్టి బోర్లించాడు, దోమలు తగ్గాయి. మిగతా తొట్లు, కుండీలు కూడా ఒంపేద్దామంటే పై ఆఫీసరు ఒప్పుకోలేదు. దోమ నీళ్ళలో పుడుతుందన్న విషయం మీద రాస్ నిలబడటం అక్కడ మొదలైంది. అయితే అప్పటికి అతని దృష్టిలో దోమ అంటే దోమే. అన్నీ ఒకటే.

మలేరియా అనే మాటకే చెడ్డ గాలి అని అర్థం. బురద నేలల నుంచి వచ్చే విషపు ఆవిరి వల్ల జ్వరం వస్తుందని శతాబ్దాలుగా నమ్మారు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచ్ మిలిటరీ డాక్టరు రోగి రక్తంలో కదులుతున్న ఒక పరాన్నజీవిని చూశాడు. అది ఎర్ర రక్తకణంలో దూరి, లోపలున్నది తినేసి, నల్లటి రేణువులు మిగులుస్తుంది. ఈ నల్ల రేణువుల్ని గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి మీదే తిరుగుతుంది.

రాస్ మొదట్లో లావెరాన్ మాట నమ్మలేదు. ఎంత వెతికినా అతనికి ఆ జీవి కనపడలేదు మరి. అది తప్పుడు కథ అని వ్యాసాలు కూడా రాశాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు మైక్రోస్కోపులో ఆ జీవిని ఎలా చూడాలో నేర్పించాడు. రాస్ కళ్ళు తెరుచుకున్నాయి.

మాన్సన్‌కి ఒక ఐడియా ఉంది. చైనాలో పనిచేసేటప్పుడు ఆయన బోదకాలు తెచ్చే సన్నటి పురుగు దోమ ఒంట్లో పెరగడం కనిపెట్టాడు. మలేరియా కూడా అలాగే దోమలోకి వెళ్తుందేమో అని ఆయన అనుమానం. దోమ రక్తం తాగుతుంది, నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జ్వరం వస్తుంది. ఇదీ ఆయన లెక్క. మొదటి సగం కరెక్టు, రెండో సగం తప్పు. ఏ దోమ అన్న ప్రశ్న ఆ లెక్కలో లేనే లేదు.

ఒక దోమకి ఒక అణా

1895లో రాస్ ఇండియా తిరిగొచ్చాడు. బొంబాయిలో సామాను కస్టమ్స్ నుంచి బయటికి రాకముందే ఆసుపత్రికి వెళ్ళి జ్వరం రోగుల రక్తం చూడ్డం మొదలెట్టాడంటే ఎంత ఊపులో ఉన్నాడో చూడండి. పోస్టింగు సికింద్రాబాద్‌లో, 19వ మద్రాస్ పదాతి దళానికి డాక్టరుగా.

అక్కడ అతని పద్ధతి ఇలా ఉండేది. పట్టుకున్న దోమ అంతకుముందు ఎవర్ని కుట్టిందో తెలీదు కాబట్టి వాటిని వాడడు. నీళ్ళలోంచి పిల్ల పురుగుల్ని తెచ్చి, సీసాల్లో పెంచి, కొత్తగా రెక్కలొచ్చిన దోమల్నే తీసుకుంటాడు. మలేరియా ఉన్న రోగిని దోమతెర లోపల పడుకోబెట్టి ఆ దోమల్ని లోపలికి వదులుతాడు. కుట్టించుకున్నందుకు రోగికి కూలి, దోమకి ఒక అణా. రక్తం తాగిన దోమని కొన్ని రోజులు బతికించి, తర్వాత సూదులతో విప్పి, మైక్రోస్కోపు కింద అంగుళం అంగుళం వెతుకుతాడు. ఒక్కో దోమకి గంటలు పట్టేది.

మాన్సన్ చెప్పినట్టు నీళ్ళ సంగతి కూడా చూశాడు. దోమలు చచ్చిన నీళ్ళు ఒప్పుకున్నవాళ్ళ చేత తాగించాడు. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోని పని. గట్టి ఫలితం ఏదీ రాలేదు.

ఇక దోమల విషయం. రాస్ డాక్టరే గానీ పురుగుల శాస్త్రం చదివినవాడు కాదు. దోమల మీద సరైన పుస్తకం కోసం వెతికినా చేతికి అందలేదు. అందుకని తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి బూడిద రంగు దోమ. ఒకటి చారల దోమ. వేలికొద్దీ కణాలు వెతికినా ఈ రెండింటిలోనూ ఏమీ దొరకలేదు. మన భాషలో చెప్పాలంటే, కోడ్‌లో తప్పు లేదు, ఇన్‌పుటే తప్పు. ఎన్నిసార్లు రన్ చేసినా అవుట్‌పుట్ సున్నా. బూడిద రంగుది ఇప్పుడు మనం క్యూలెక్స్ అనే రకం, చారలది ఏడిస్. మనిషి మలేరియాని ఆ రెండూ మొయ్యవు. రాస్‌కి ఆ సంగతి తెలీదు, అప్పటికి ఇంకెవరికీ తెలీదు.

మధ్యలో 1895 సెప్టెంబరులో కలరా డ్యూటీ మీద బెంగళూరు పంపేశారు. పరిశోధన అటకెక్కింది.

అఫ్జల్‌గంజ్ డాక్టరు గారు

ఇక్కడ మూసీ దాటి ఒకసారి ఇటు రావాలి. ఇప్పుడు ఉస్మానియా జనరల్ హాస్పిటల్ ఉన్నచోట అప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. అయిదో నిజాం అఫ్జల్‌ఉద్దౌలా పేరు మీద వచ్చిన పేటకి, ఆసుపత్రికి అదే పేరు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఆ పాత ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పేది ఆ వరద గురించే.

రాస్ సికింద్రాబాద్‌లో దోమలు విప్పుతున్న కాలంలో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, ఇక్కడి మెడికల్ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ. చిన్న మనిషేం కాదు. 1888లో, 1889లో ఆపరేషన్లకి ఇచ్చే క్లోరోఫామ్ మత్తు మీద ప్రపంచమంతా మాట్లాడుకున్న పరీక్షలు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో జరిగాయంటే అది ఆయన పూనిక వల్లే. మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా డాక్టర్లలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆయన దగ్గర చదువుకున్నవారే.

అంతటి లారీ, లావెరాన్ చూపించిన మలేరియా జీవి అసలు జీవే కాదని వాదించాడు. మైక్రోస్కోపులో కనపడేది రక్తకణాల్లో వచ్చే మార్పు తప్ప ఇంకేం కాదన్నది ఆయన పట్టు. అంటే సికింద్రాబాద్‌లో ఒక డాక్టరు దోమ పొట్టలో దేని కోసం వెతుకుతున్నాడో, హుస్సేన్‌సాగర్‌కి ఇవతల ఇంకో పెద్ద డాక్టరు అసలు అలాంటిదే లేదంటున్నాడు.

లారీని చూసి నవ్వడం తేలిక. కానీ కొన్నేళ్ళ ముందు రాస్ అన్నదీ అదే కదా. రోగి రక్తంలో కనపడే రకరకాల గుండ్రటి మచ్చల్లో ఏది కణం, ఏది మురికి, ఏది పరాన్నజీవి అని విడదీయడం పుస్తకం చదివితే రాదు. పక్కన ఒకరు కూర్చుని, ఇదిగో ఇది, అది కాదు అని చూపించాలి. రాస్‌కి మాన్సన్ చూపించాడు. తేడా అంతే.

గోడ మీద దోమ

1897 వేసవిలో రాస్ ఊటీ దగ్గర సిగూర్ ఘాట్‌లో జ్వరాల సంగతి చూడ్డానికి వెళ్ళి తనే మలేరియా తెచ్చుకున్నాడు. అక్కడే రెక్కల మీద మచ్చలున్న ఒక కొత్త రకం దోమ కంటపడింది. అప్పటికి అది ఒక వింత, అంతే.

జూన్‌లో మళ్ళీ సికింద్రాబాద్ వచ్చాడు. ఎండలు, ఉక్క. విప్పిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా వెయ్యనివ్వడు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి అద్దం పగిలి ఉంది. చేతులు రెండూ పనిలో ఉంటే చిన్న చిన్న ఈగలు కళ్ళ మీద, చెవుల మీద వాలి చంపుకుతినేవి. దోమలకి చుట్టాలు కదా, పగ తీర్చుకున్నాయేమో!

ఆగస్టు నడిమిలో రెండు చిన్న సంగతులు జరిగాయి. పిల్ల పురుగులు వెతికి తెచ్చే పనివాళ్ళలో ఒకతను ఒక సీసా తెచ్చాడు. మర్నాడు అందులోంచి గోధుమ రంగు దోమలు బయటికొచ్చాయి, రెక్కల మీద మచ్చలతో. ఆ రోజుల్లోనే ఆసుపత్రి అసిస్టెంటు ఒకతను గోడ వైపు చూపించాడు. అక్కడ ఒక చిన్న దోమ కూర్చుని ఉంది. మామూలు దోమ గోడకి సమాంతరంగా, కాస్త గూని పెట్టినట్టు కూర్చుంటుంది. ఇది అలా కాదు. తల గోడ వైపు వంచి, తోక గాల్లోకి పెట్టి, గోడలో దిగిన ముల్లులాగా ఉంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద క్షణం ఇదే. మైక్రోస్కోపు అక్కర్లేదు, లెక్కలు అక్కర్లేదు. ఒక మనిషి గోడ కేసి చూసి, ఇది మిగతావాటిలా లేదు అన్నాడు.

ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని ఈ మచ్చల రెక్కల దోమల చేత కుట్టించారు. కూలి మామూలే, దోమకి అణా. వాటిలో కొన్ని చచ్చాయి, కొన్నిటిలో ఏమీ దొరకలేదు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి అతి తక్కువ. ఆ మధ్యాహ్నం దాదాపు ఒంటిగంటకి ఒక దోమని విప్పాడు. ఒళ్ళంతా వెతికాడు, ఏమీ లేదు. మిగిలింది కడుపు గోడ ఒక్కటే. అప్పటికే అలిసిపోయాడు, అలాంటి కడుపులు వందల కొద్దీ చూసేశాడు. అయినా చూశాడు.

కడుపు గోడలో ఒక గుండ్రటి కణం. అలాంటి కణం అతను ఏ దోమలోనూ చూడలేదు. దాని లోపల నల్లటి రేణువులు. లావెరాన్ మనిషి రక్తంలో చూసిన అవే రేణువులు. దోమ కణంలో ఆ నలుపు దానంతట అది పుట్టదు. మనిషి రక్తంలోని పరాన్నజీవి తనతో తీసుకొస్తేనే ఉంటుంది. ఒకచోట వేసిన వాటర్‌మార్క్ ఇంకోచోట బయటపడ్డట్టు అన్నమాట.

మర్నాడు, అంటే 21న, ఇంకో దోమని విప్పాడు. దాంట్లోనూ అవే కణాలు, ఒక రోజు పెద్దవయ్యాయి. అంటే అది మచ్చ కాదు, మురికి కాదు. పెరుగుతోంది, కాబట్టి ప్రాణముంది. ఆ ఆనందంలో భార్య రోసాకి ఒక పద్యం రాసి పంపాడు. నాన్న మాన్పించిన కవి లోపల అలాగే ఉన్నాడన్నమాట.

ఈ ఫలితం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రెండంటే రెండే దోమల్లో కనపడ్డ కణాల గురించిన పేపరు అది.

బూడిద రంగు దోమ మళ్ళీ వచ్చింది

ఇంక మిగతాది ఒక నెలలో తేల్చేస్తానని రాస్ అనుకున్నాడు. సర్కారు ట్రాన్స్‌ఫర్ చేసేసింది. సెప్టెంబరులో రాజపుతానాలోని ఖేర్వారాకి. అక్కడ మలేరియా రోగులే కరువు. మాన్సన్ లండన్‌లో పెద్దవాళ్ళని కదిలించాక, 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో పరిశోధన డ్యూటీ దొరికింది.

కలకత్తాలో మనుషుల మీద పని సాగలేదు. దాంతో పక్షుల మలేరియా పట్టుకున్నాడు. పిచ్చుకల్లాంటి వాటికి కూడా మలేరియా వస్తుంది. ఇక్కడే కథలో మంచి మలుపు ఉంది. సికింద్రాబాద్‌లో రెండేళ్ళు ఏడిపించిన బూడిద రంగు దోమే పక్షుల మలేరియాకి సరైన దోమ! మనిషి జబ్బుకి పనికిరాని దోమ పక్షి జబ్బుకి పనికొచ్చింది. అంటే దోమ అంటే దోమ కాదు, మలేరియా అంటే మలేరియా కాదు. ఏ దోమకి ఏ జీవి అన్నది తాళం, తాళంచెవి లెక్క.

1898 జులైలో ఆ జీవి దోమ కడుపు నుంచి బయల్దేరి లాలాజల గ్రంథుల్లోకి చేరడం రాస్ చూశాడు. దోమ కుట్టేటప్పుడు వదిలేది ఆ లాలాజలమే. ఆ దోమలతో కుట్టిస్తే ఆరోగ్యంగా ఉన్న పక్షులకి జబ్బు వచ్చింది. తాగే నీళ్ళ లెక్క కొట్టుకుపోయింది. దారి దొరికింది, అది దోమకాటే. ఈ పనిలో పక్కన నిలబడినవాడు మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు. అదే నెలలో మాన్సన్ ఎడిన్‌బరోలో డాక్టర్ల సభలో ఈ సంగతి ప్రకటించాడు.

పేరు ఎవరిది

మనుషుల విషయంలో చివరి ముడి విప్పింది ఇటలీ వాళ్ళు. గ్రాసీ అనే ప్రొఫెసరు పుట్టుకతో వచ్చినట్టు పురుగులు తెలిసినవాడు, జంతుశాస్త్రం ఆయన సబ్జెక్టు. మలేరియా ఉన్న ఊళ్ళల్లో ఏ దోమలున్నాయి, లేని ఊళ్ళల్లో ఏవి లేవు అని పోల్చుకుంటూ వెళ్ళి అనాఫిలిస్ మీద వేలు పెట్టాడు. 1898 చివర్లో తన తోటివారితో కలిసి అనాఫిలిస్ దోమకాటుతో మనిషికి మలేరియా వస్తుందని చూపించాడు.

రాస్ మచ్చల రెక్కల దోమ అన్నది ఈ అనాఫిలిస్‌నే. ఆ పేరు కొత్తది కూడా కాదు. మైగెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1818లోనే పెట్టాడు. ఒక్కసారి ఆలోచించండి. యూరప్‌లో పేరు 79 ఏళ్ళుగా పుస్తకంలో ఉంది. దోమ బేగంపేటలో గోడ మీద ఉంది. పేరు తెలిసినవాళ్ళకి జబ్బుతో పని పడలేదు, జబ్బు వెతికేవాడి దగ్గర పుస్తకం లేదు.

రాస్‌కీ గ్రాసీకీ మధ్య గొడవ జీవితాంతం నడిచింది. రాస్ చెప్పిన ఆనవాళ్ళతో అది ఏ దోమో గట్టిగా తేలదని ఇటలీ వైపు వాదన. నేను దారి చూపిస్తే నా వెనక నడిచి పేరు కొట్టేశారని రాస్ కోపం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నోబెల్ మాత్రం 1902లో రాస్ ఒక్కడికే వచ్చింది. ఇండియాలో పుట్టినవారిలో మొదటి నోబెల్ అదే. ఆ గెలుపు కూడా ఆయన్ని మెత్తబరచలేదు. పొగడ్త చాలలేదని, డబ్బు ఇవ్వలేదని, గుర్తింపు రాలేదని సర్కారుతోనూ తోటివాళ్ళతోనూ పోట్లాడుతూనే ఉన్నాడు. గురువు మాన్సన్‌తో కూడా చెడింది. పెద్ద పని చేసినవాడు పెద్ద మనసున్నవాడు కూడా అయి ఉండాలని మనం అనుకుంటాం. అలా ఏం రూలు లేదు.

లెక్కల మనిషి

1899లో రాస్ ఇండియా ఉద్యోగం వదిలి లివర్‌పూల్‌లో ఉష్ణమండల వైద్యం నేర్పే కొత్త స్కూల్లో చేరాడు. సియెర్రా లియోన్, ఇస్మాయిలియా, పనామా, మారిషస్, ఎక్కడ జ్వరం ఉంటే అక్కడికి వెళ్ళి నీటి గుంటలు పూడ్చండి, దోమ పుట్టే చోటు తీసెయ్యండి అని చెప్పాడు. బెంగళూరు తొట్టి బోర్లించిన పనే, దేశాల లెవెల్లో.

చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. దోమల్ని మొత్తం చంపడం జరిగే పనా? ఇక్కడ చిన్నప్పటి లెక్కల పిచ్చి పనికొచ్చింది. 1908 మారిషస్ రిపోర్టులో, తర్వాత 1911లో మరింత వివరంగా, మలేరియా ఎలా పాకుతుందో సమీకరణాలు రాశాడు. మనుషుల్లో ఎంతమందికి ఉంది, దోమల్లో ఎన్నిటికి ఉంది, ఒక దోమ ఎన్నిసార్లు కుడుతుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది. వీటన్నిటినీ కలిపితే తేలిందేంటంటే, దోమలు సున్నా కానక్కర్లేదు. మనిషికి ఇన్ని దోమలు అనే ఒక గీత ఉంటుంది. ఆ గీత కిందికి తెస్తే జబ్బు తనంతట తనే ఆరిపోతుంది.

కరోనా టైంలో ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడు, ఆ సంఖ్య ఒకటి కన్నా తక్కువకి రావాలి అని టీవీల్లో రోజూ విన్నాం కదా, ఆ ఆలోచనకి మొదటి మెట్లలో ఒకటి ఇది. మన బ్రాంచి వాళ్ళు ఈ రోజు సిమ్యులేషన్ రాసినా ఇంచుమించు ఆ వేరియబుల్సే పెట్టుకుంటారు. రాస్ స్వయంగా తన దోమ కన్నా ఈ లెక్కల్నే ఎక్కువగా చూసుకునేవాడు.

1911లో సర్ బిరుదు వచ్చింది. 1926లో లండన్‌లో ఆయన పేరుతో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1931లో రోసా పోయింది. మరుసటేడు, 1932 సెప్టెంబరు 16న, 75 ఏళ్ళ వయసులో రాస్ లండన్‌లో చనిపోయాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన బంగళా ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ కింద ఆయన పేరుతోనే ఉంది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, అందరూ కోరంటి అనే దానికి అసలు పేరు కూడా ఆయనదే. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు.

మన గోడల మీద

రాస్ మూడు దోమలూ ఇంకా మనతోనే ఉన్నాయి. మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్ బస్టాపులో సాయంత్రం నిలబడితే చెవి దగ్గర పాడేది ఎక్కువగా బూడిద రంగు క్యూలెక్స్. మురుగు నీరు దానికి ఇష్టం. అది గోడకి సమాంతరంగా కూర్చుంటుంది. గుడ్లు తెప్పలా గుత్తిగా పెడుతుంది. దాని పిల్లలు నీళ్ళలో తలకిందులుగా వేలాడుతుంటాయి, తోక దగ్గరున్న గొట్టంతో గాలి పీలుస్తూ. బోదకాలు దీని పని.

నల్లటి ఒంటి మీద, కాళ్ళ మీద తెల్ల పట్టీలుంటే ఏడిస్. కూలర్, పూలకుండీ కింద పళ్ళెం, పాత టైరు, ఎక్కడ కాసిన్ని శుభ్రమైన నీళ్ళు నిలిచినా చాలు. పగలే కుడుతుంది. డెంగీ, చికున్‌గున్యా దీనివల్ల. రాత్రి దోమతెర కట్టుకుని పగలు ల్యాబ్‌లో దీనికి దొరికిపోతాం.

తోక పైకెత్తి కూర్చుంటే, రెక్కల మీద మచ్చలుంటే అనాఫిలిస్. పిల్లలు నీటి పైపొరకి ఆనుకుని చాప పరిచినట్టు పడుకుని ఉంటాయి, గొట్టం ఉండదు. సిటీల్లో మలేరియా మోసే రకం మూతల్లేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో పెరుగుతుంది. డ్రైనేజీలో మందు కొట్టి, మిద్దె మీద ట్యాంకుకి మూత పెట్టకపోతే మనం చేసేది 1895 నాటి రాస్ చేసిన పనే. పద్ధతి కరెక్టు, దోమ తప్పు.

చివరిగా ఆ గోడ వైపు చూపించిన అసిస్టెంటు సంగతి. 1923లో రాస్ తన జీవితకథ పెద్ద పుస్తకంగా వేశాడు. ఎవరెవరు తనకి అన్యాయం చేశారో పేరు పేరునా గుర్తుపెట్టుకున్న మనిషి, ఆ అసిస్టెంటు పేరు మాత్రం మర్చిపోయానని, అందుకు బాధగా ఉందని రాశాడు. పురుగుకి లాటిన్ పేరుంది, రోగి హుసేన్ ఖాన్‌కి పేరు మిగిలింది, కొట్లాడినవాళ్ళందరికీ పేర్లున్నాయి. తేడా కనిపెట్టిన ఆ ఒక్క మనిషికి లేదు. ఏ బస్తీవాడో, ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో తెలీదు. అతను ఈ ఊళ్ళో ఒక ఆగస్టు రోజున గోడ మీదున్న దోమని చూసి చేత్తో కొట్టెయ్యకుండా, పక్కవాళ్ళకి చూపించాడు. అంతవరకే మనకి తెలుసు.